ఎడమవైపు వెనుక తలుపు

మా యింట నొక పాత కారు కలదు. అది మారుతి 800. దానిని 2005 వ సంవత్సరమున కొంటిమి. పదునైదేండ్లు నిండిన పిదప 2020 లో మఱి యైదేండ్లకు రిజిస్ట్రేషను పొడిగించుకొంటిమి. 1983 లో మొదలైన యీ బండి తయారు 2014 జనవరిలోనే నిలిచిపోయినది. అయినను మధ్యతరగతివారి యిండ్ల ముందర వేపచెట్ల నీడలలో ఇంకను ఎన్నియో మిగిలియున్నవి. మాదియు వానిలో నొకటి. 2024 ఏప్రిలు మాసమున దాని యెడమవైపు వెనుక తలుపు పిడి విఱిగినది. ఆ పిడిని మార్చుటకు మాకు ఆఱు మాసములు పట్టినది. పని మాత్రము ఒక్క పూటలో ముగిసినది.

కారు పిడి విఱుగుట యొక సంగతియా, దానిని గూర్చి వ్రాయుట యొక వ్యాసమా యని చదువరులు నవ్వవచ్చును. మేమును ఆఱు మాసములు అట్లే తలంచితిమి గనుకనే యిప్పుడు వ్రాయవలసి వచ్చినది.

పిడి యనగా పెద్ద వస్తువు కాదు. అఱచేయి పొడవుగల నల్లని ప్లాస్టిక్కు రెక్క. దాని క్రింద వ్రేళ్లు దూర్చి యెత్తినచో వెనుకనున్న చిన్న మీట కదలి, ఒక సన్నని యినుప కడ్డీని కదలించును. ఆ కడ్డీ తలుపు అంచున నున్న గొళ్లెమును విడిపించును. లోపలి పిడికి వేఱొక కడ్డీ కలదు. అదియు ఆ గొళ్లెమునే చేరును. ఒకే గొళ్లెమునకు రెండు త్రోవలన్నమాట. వెలుపలి త్రోవ చెడినను లోపలి త్రోవ చెడదు. మా నిర్లక్ష్యమున కంతకును ఈ యేర్పాటే ఆధారమైనది.

ఓరుగల్లు సీమ యెండ 40 డిగ్రీలు దాటుట యేటేట మేము చూచుచున్నదే. పందొమ్మిదేండ్లు ఆ యెండలో నిలిచిన ప్లాస్టిక్కు పెళుసుబాఱును. నిగనిగ తగ్గి బూడిదవన్నెకు తిరుగును. అట్లు తిరిగిన నాడే దానిని మార్చవలసినది. కాని అది విఱుగువఱకు దాని వంక చూచువా రెవరు? మాది మా తల్లిగారి చేతిలో విఱిగినది. రెక్క సగము ఆమె వ్రేళ్లలో నుండిపోయెను. "నేనే విరగ్గొడ్తినిరా" యని ఆమె నొచ్చుకొనిరి. "పాతది గదమ్మా, నీ తప్పేమున్నది" అంటిమి. అని, ఆ ముక్కను ముందరి అఱలో పడవైచి బండి నడిపితిమి. అది ఆఱు మాసములు ఆ అఱలోనే యుండెను.

మా తల్లిగారిని గూర్చి కొంచెము చెప్పనిదే ఈ కథ నడవదు. ఆమె 1968 లో ఉపాధ్యాయినిగా చేరిరి. స్టేషను ఘనపురమున బాలికలకు చదువు చెప్పుటకై పెక్కేండ్లు కాజీపేటనుండి పాసింజరు బండిలో పోయి వచ్చుచుండిరి. మా కాజీపేట రైళ్ల యూరు. నిజాము రాజ్యపు రైలుదారి 1880 ప్రాంతపు సంవత్సరములలో ఇటు వచ్చినది. 1929 లో బల్లార్షా దారి వచ్చి కలియుటతో ఢిల్లీ మద్రాసుల నడుమ పోవు బండ్లకు ఇది కూడలియైనది. ఉదయపు పాసింజరులో మగవారు తలుపు కడ్డము గుంపుగా నిలిచి దారి యీయకుండుట మా తల్లిగారి యుద్యోగపు దినములలో మామూలు. ఒకనాడెవరో జాలిపడి చేయి అందింపబోగా, "చేయి నాకున్నది నాయనా, నువ్వు దారియ్యి" అనిరని ఆమె తోడి ఉపాధ్యాయినులు నేటికిని చెప్పుకొని నవ్వుదురు.

ఇప్పు డామెకు 78 ఏండ్లు. కారులో ఆమె స్థానము ఎడమవైపు వెనుక సీటు. దీనికి కారణము కలదు. మన దేశమున బండ్లు రోడ్డు ఎడమప్రక్కన నడచును గాన, ఎడమ తలుపు అంగళ్లవైపు, కాలిబాటవైపు తెఱచుకొనును. కుడి తలుపు వచ్చిపోవు లారీలలోనికి తెఱచుకొనును. ముసలివారిని, పిల్లలను ఎడమ తలుపున ఎక్కించుట యే బుద్ధిగల యింటనైనను చేయుపనియే. ముందు సీటులో కాళ్లు చాపుకొన వీలున్నను ఆమె కది గిట్టదు. డ్రైవరు ప్రక్కన కూర్చున్నచో మా నడుపుట చూచి భయము వేయునట. అందుచేత మిగిలిన మూడు తలుపులును చక్కగానుండి, ఆమె తలుపు ఒక్కటి మాత్రము విఱిగినది. విఱిగినది మా తలుపే యైయుండిన నేమి చేసియుందుము? మఱునాటి యుదయమునకే పిడి వచ్చియుండెడిది. ఈ ప్రశ్న మాకు అక్టోబరువఱకు తోచలేదు.

ఏప్రిలునుండి మేము చేసిన యేర్పా టిది. ఆమె వచ్చి తలుపు దగ్గఱ నిలుచును. మేము డ్రైవరు సీటునుండి వెనుకకు వ్రాలి, రెండు సీట్ల నడుమనుండి చేయి చాచి, లోపలి పిడి లాగుదుము. తలుపు తెఱచుకొనును. బండి చిన్నది గనుక చేయి అందును. నడుము మాత్రము పట్టును. మాకు నడుము పట్టుట గుర్తుండెడిది. వెలుపల నిలిచినవారి సంగతి గుర్తుండెడిది కాదు. ఆమె సంచి క్రింద పెట్టక, చేయి ఎక్కడ నుంచుకొనవలెనో తెలియక, అద్దములోనికి చూచుచు, మేము తాళపుచెవి పెట్టి, కన్నడకము సవరించుకొని, సెల్లు ఫోను ఒకమాఱు చూచుకొని, అటుపిమ్మట వెనుకకు వ్రాలువఱకు ఎండలో నిలుచుండిరి. ఎంతసేపో కాదు. అరనిమిషము, నిమిషము. రోజునకు రెండుమూడు మాఱులు.

జులై మాసమున నొకనాడు ఆమె పెద్దపల్లిలో చెల్లెలి యింటికి పోయి, సాయంకాలపు బండిలో తిరిగివచ్చిరి. మేము కాజీపేట స్టేషను బయట కారు నిలుపుకొని యుంటిమి. వాన. అద్దములన్నియు ఆవిరి పట్టియున్నవి. మేము ఫోనులో నెవరితోనో మాటాడుచుంటిమి. ఏమి మాటాడితిమో ఇప్పుడు గుర్తు లేదు, అంత ముఖ్యమైన సంగతి యన్నమాట. వెనుక అద్దముపై టకటక చప్పుడైనది. బండి తీయుమని ఆటోవాడు కొట్టుచున్నాడనుకొని, తల త్రిప్పకయే, ఉండుమన్నట్లు చేయి ఊపితిమి. మరల టకటక. మరల చేయి ఊపితిమి. పిమ్మట నిజముగనే ఒక ఆటో డ్రైవరు వచ్చి మా ప్రక్క అద్దమును అఱచేతితో బాది, "అవ్వ తడుస్తాంది, కనవడ్తలేదా సారూ?" అని యఱచెను.

ఆమె సంచిని తలపై నుంచుకొని నిలిచియుండిరి. తలుపు తీసితిమి. ఆమె కూర్చుండి, కొంగుతో ముఖము తుడుచుకొని, "వాన మంచిగ పడ్తాంది, చెరువులు నిండుతయి" అనిరి. ఇల్లు చేరువఱకు మఱియొక మాట లేదు.

అప్పటినుండి ఆమె బయటికి వచ్చుట తగ్గినది. శుక్రవారము భద్రకాళి గుడికి రాననిరి. విశ్రాంత ఉపాధ్యాయుల సమావేశమునకు రాననిరి. కంటి పరీక్షకు తేదీ వచ్చినను తరువాత చూతమనిరి. అడిగినప్పుడెల్ల ఒకే జవాబు: మోకాళ్లు. మేము నమ్మితిమి. మోకాళ్లకు నూనె కొని తెచ్చితిమి, వేడినీటి సంచి కొని తెచ్చితిమి, పట్టీలు కొని తెచ్చితిమి. వీని కన్నిటికిని కలిపి పిడి వెలకు నాలుగింతలైనది. పిడి మాత్రము కొనలేదు.

అసలు ప్రయత్నమే చేయలేదని చెప్పినచో మాకు మేము అన్యాయము చేసికొన్నట్లగును. ఆగస్టులో చమురు మార్పించుటకు పోయినప్పుడు మా మెకానిక్కును అడిగితిమి. అతడు తలుపు నొకమాఱు తట్టి, "లోపలినుంచి తెరుచుకుంటాంది గద సారూ, ఇంకేం తిప్పలు?" అనెను. మఱియొకడు, "ఈ బండికింక పైసలు పెట్టకుండ్రి, అమ్మేయుండ్రి" అని హితవు చెప్పెను. రెండు మాటలును మాకు ఎంతో తెలివిగలవిగ తోచెను. పని చేయకుండుటకు కారణము చెప్పువాడు సోమరికి వేదవేత్తవలె కనబడును.

అక్టోబరు వచ్చినది. బతుకమ్మ దినములు. ఏటేట సద్దుల బతుకమ్మనాడు మా తల్లిగారు హనుమకొండ పద్మాక్షిగుట్టకు పోక మానరు. ఉద్యోగము చేసిన దినములలో తన బడి పిల్లలను వెంటబెట్టుకొని పోయెడివారు. ఆ పిల్లలలో కొందఱు నేడు మనుమరాండ్రతో అక్కడికి వచ్చి, టీచరమ్మా యని కాళ్లకు దండము పెట్టుదురు. ఆ సంవత్సరము ఆమె పూలు తెప్పించిరి గాని, "మీరు పోయి రాండ్రి, నేను ఇంట్లనే పేర్చుకుంట" అనిరి. మోకాళ్లే గదా యనుకొంటిమి.

మా కుమార్తె కాలేజీలో చదువుచున్నది. సెలవులకు వచ్చియుండెను. ఆ రాత్రి వంటింటిలో గిన్నె లెత్తుచు, "బాపూ, బాపమ్మకు మోకాళ్ల నొప్పి కాదు" అనెను. "మఱేమి?" "పొద్దున నాతో మిద్దె ఎక్కి గుమ్మడిపూలు కోసింది. పద్నాలుగు మెట్లు. మోకాళ్ల మాట ఎత్తలేదు."

మేము మాటాడలేదు. అది మఱల, "కారు తలుపు కాడ నిలబడుడు ఇష్టం లేదట. నేనడిగితే చెప్పింది. నీతో చెప్పొద్దన్నది" అనెను.

ఇచ్చట మేము ఇంతవఱకు చెప్పని సంగతి యొకటి చెప్పవలసియున్నది. ఆ కారు కొన్నది మా తల్లిగారి సొమ్ముతో. ఆమె 2004 లో పదవీవిరమణ చేసినప్పుడు వచ్చిన దానిలో సగము దీనికే యిచ్చిరి. "బస్సుల కోసం నిలబడి నిలబడి సాలయింది, ఇంక నా బండి నా యింటి ముంగట ఉండాలె" అని ఆనాడు ఆమె చెప్పిన మాట మేము మఱచితిమి. మా కుమార్తె మాత్రము మఱవలేదు. కారు వచ్చిన యేడే పుట్టిన పిల్ల, ఆ మాటను ఎవరినుండి విన్నదో!

ఆ రాత్రి నిద్ర పట్టక ఏవేవో తలంచితిమి. మా అమ్మమ్మగారు నిజాము కాలమున గూడుబండిలో కాజీపేట స్టేషనుకు వచ్చెడివారట. బండికి ముందు వెనుక తెరలు. తెర ముడి బయట. దింపువారు వచ్చి ముడి విప్పువఱకు లోపల కూర్చుండుటయే మర్యాద. ఇంగ్లండు రైళ్లను గూర్చి చదివినదియు జ్ఞప్తికి వచ్చినది. ఆ దేశపు పాత పెట్టెలలో పెక్కింటికి తలుపు లోపలివైపున పిడి యుండెడిది కాదు. దిగదలచినవాడు కిటికీ యద్దము దించి, చేయి బయటికి చాచి, వెలుపలి పిడిని తానే త్రిప్పి దిగవలెను. నడచు బండిలో పొరబాటున తలుపు తెఱవకుండుటకై చేసిన యేర్పా టది. లండను దక్షిణపు మార్గములలో అట్టి బండ్లు 2005 వఱకు నడచెను. వింతయే, కాని దానిలో నొక న్యాయమున్నది. కష్టమైనను పిడి ప్రయాణికుని చేతి కందును. గూడుబండిలో అందదు. మా కారు ఈ రెంటిలో దేనిని పోలియున్నదో లెక్కవేసికొని సిగ్గుపడితిమి. బాలికల చదువును గూర్చి, వితంతువుల గౌరవమును గూర్చి సభలలో మాటాడినవారము మేము. వెనుక తలుపు మాట యే సభలోను రాలేదు.

మఱునాడు పిడి కొఱకు బయలుదేఱితిమి. ఇంతకాలమును దొరకదేమో యను భయ మొకటి మనసులో నుండెను. ఆ భయము వట్టిది. ఈ కారు లక్షలమీద లక్షలు తయారైనది. అన్ని బండ్లు తిరిగిన దేశమున వాని విడిభాగములు చేయువా రింకను మిగిలియున్నారు. హనుమకొండలో మొదటి దుకాణమునందే దొరికినది. దుకాణమువారు దానిని పిడి యనరు, హ్యాండిలు అందురు. వెల 180 రూపాయలు. ఆఱు మాసములు!

సంతోషముతో ఇంటికి వచ్చి పొట్లము విప్పగా అది కుడివైపుది. తప్పు మాదే. దుకాణదారు "ఏ సైడు?" అని అడిగినప్పుడు, కారు ముందర నిలిచి దానిని చూచుచున్నట్లు ఊహించుకొని, మాకు కుడివైపున కనబడినదానిని కుడి యంటిమి. కారునకు ఎడమ కుడి అనునవి లోపల కూర్చుండి ముందునకు చూచువాని యెడమ కుడులు. రైలువారికి అప్పు డౌను అనునవి యెట్లో ఇదియు నట్లే. నిలిచి చూచువాని కొఱకు మాఱవు. అంతేకాదు, ముందు తలుపుల పిళ్లు వేఱు, వెనుక తలుపుల పిళ్లు వేఱు. నాలుగు తలుపులకు నాలుగు విధములు. ఎట్టి దాని నైనను బేరమాడబోవువారు విఱిగిన ముక్కను జేబులో వేసికొని పోవుట మేలు. మా ముక్క అఱలోనే యుండెను గదా. ఆ బుద్ధి రెండవమాఱు పుట్టినది.

పని యెవరు చేయవలెను? పండుగ దినములు, మెకానిక్కులు దొరకలేదు. మా కుమార్తె తాను చేయుదుననెను. మేము సందేహించితిమి. సందేహమునకు కారణము పిల్ల యగుటయా, ఆడుపిల్ల యగుటయా యని మమ్ము మేమే అడిగికొని, జవాబు బాగుండకపోవుటచే ఊరకుంటిమి. మా ప్రక్కయింట డీజిలు షెడ్డులో ఫిట్టరుగా పనిచేసి విరమించిన పెద్దమనుష్యుడు కలడు. వేలకొలది హార్సుపవరు ఇంజన్లను విప్పి కూర్చినవాడు. మూడు తలుపుల అవతల అట్టివాడుండగా మా కారు తలుపు ఆఱు మాసము లట్లుండెనని తలంచిన నవ్వు వచ్చును. అతడు కుర్చీ తెచ్చుకొని జామచెట్టు క్రింద కూర్చుండి, "నేను చెయ్యి పెట్ట. బిడ్డ చేస్తది. నేను చెప్త" అనెను. మేము టార్చి పట్టుకొంటిమి.

మొదట అద్దమును పూర్తిగా పైకెత్తవలెను. దించియున్నచో అది తలుపు కడుపులో అడ్డముగా నుండి చేయి పోనీయదు. పిదప అద్దము త్రిప్పు పిడిని ఊడదీయవలెను. దానికి స్క్రూ కనబడదు. వెనుకవైపున గుఱ్ఱపు లాడమువంటి తీగ క్లిప్పు పట్టుకొనియుండును. సన్నని గుడ్డపేలికను పిడి వెనుక దూర్చి, రెండు కొనలు పట్టుకొని, కవ్వపు త్రాడువలె అటునిటు లాగినచో క్లిప్పు జాఱి వచ్చును. వచ్చుట గాదు, ఎగిరిపోవును. మాది ఎగిరి జామచెట్టు ఆకులలో పడినది. పావుగంట వెదకిన పిదప మా కుమార్తె ఇంటిలోనుండి అయస్కాంతము తెచ్చి పట్టుకొనెను.

చేయి ఆనించు బద్దకు రెండు స్క్రూలు. అవి తీసిన పిదప లోపలి యట్టను అంచులనుండి మెల్లగా పెకలించవలెను. ప్లాస్టిక్కు మేకులు ఒక్కొక్కటే టపటప ఊడివచ్చును. అట్ట వెనుక ఒక పలుచని ప్లాస్టిక్కు కాగితము నల్లని జిగురుతో అంటించియుండును. దీనిని పనికిమాలినదని చింపివేయువా రున్నారు. మా బండికి లోగడ నెవరో సగము చింపియే యుండిరి. దాని పని యేమనగా: వాన నీరు అద్దముపై జాఱి తలుపు కడుపులోనికి పోవుట సహజము, బండి చేసినవారే అట్లు పోనిచ్చి, తలుపు అడుగున చిన్న రంధ్రములుంచి క్రిందికి విడిచిరి. ఆ నీరు అట్టకు తగులకుండుటకే ఈ కాగితము. మా తలుపు అడుగు రంధ్రములు మట్టితో పూడియుండెను. పుల్లతో పొడువగా గ్లాసెడు నీరు కాఱినది. జులై వాన యేమో యనుకొంటిమి.

పైభాగమున, చేయి మాత్రము పట్టు సందులో, పిడిని పట్టియుంచు నట్లు రెండు. పది నంబరు పానా. రేకు అంచులు కత్తివలె నుండును. ఫిట్టరుగారు మొదటనే పాత బనీను ముక్క చేతికి చుట్టించిరి. అయినను మా కుమార్తె వ్రేలి కణుపు తెగినది. "రక్తం రాంది పని నేర్వరు" అని అతడు నవ్వెను గాని, పసుపు తెచ్చినది మా తల్లిగారు. ఆమె అంతవఱకు అరుగుమీద పూలు విడదీయుచు, ఇటు చూడనట్లు చూచుచుండిరి. పసుపు అద్ది తిరిగి పోలేదు. అక్కడే నిలిచిరి.

కడ్డీని పిడి మీటకు కలుపు చిన్న ప్లాస్టిక్కు క్లిప్పు ఎండి యుండెను; ముట్టగానే విఱిగినది. ఇట్లగునని ఫిట్టరుగారు ముందే రెండు క్లిప్పులు కొనిపించియుండుటచే బ్రతికితిమి. పాత పిడి బయటికి వచ్చినది. క్రొత్తది అమరినది. నట్లు బిగిసినవి. మా కుమార్తె ముఖము వెలిగినది. "అయిపోయింది బాపూ!" అని తలుపును మూయబోయెను.

"ముయ్యకు బిడ్డా!" అని ఫిట్టరుగారు కుర్చీనుండి లేచి యఱచిన యఱపునకు వీధిలో పోవుచున్న పాలవాడు నిలిచిపోయెను.

అతడు వచ్చి, తలుపు తెఱచియుండగనే, అంచున నున్న గొళ్లెపు నాలుకను స్క్రూడ్రైవరుతో నొక్కించెను. టిక్కు, టిక్కు. తలుపు మూసినప్పు డది యెట్లుండునో అట్లయ్యెను. "ఇప్పుడు బయటి హ్యాండిలు లేపు." ఆమె లేపెను. నాలుక విడలేదు. మరల లేపెను. విడలేదు. కడ్డీ కొన మీట రంధ్రములోనికి పూర్తిగా దిగక పైపైన ఆనియుండెను. "లోపలిది లాగు." అదియు విడలేదు! కారణము అతడు చూపెను. వెనుక తలుపుల అంచున, గొళ్లెము ప్రక్కన, చిన్న మీట యొకటి యుండును. పసిపిల్లలు నడుచు బండిలో తలుపు తీయకుండుటకై దానిని జరిపినచో లోపలి పిడి పనిచేయదు. వెలుపలిది మాత్రమే పనిచేయును. పని తొందరలో ఎవరి చేయి తగిలియో అది జరిగియుండెను. ఆ క్షణమున తలుపు మూసియుండిన, లోపలినుండియు వెలుపలినుండియు ఎవ్వరికిని తెఱచుకొనని తలుపై యుండెడిది. "షెడ్డుల మాకు మొదటి దినం చెప్పే మాట ఇదే. విప్పినదాన్ని పని చేసిందని చూసినంకనే ముయ్యాలె" అనెను.

కడ్డీని మరల దింపి, క్లిప్పు త్రిప్పి బిగించి, చిన్న మీటను వెనుకకు జరిపి, పదిమాఱులు లేపి చూచిరి. పదిమాఱులును నాలుక టక్కున విడినది. అప్పుడు మూసిరి.

"తియ్యి బాపమ్మా" అనెను మా కుమార్తె.

ఆమె చేతులు పసుపుతోను బంతిరేకులతోను నిండియుండెను. కొంగుతో తుడుచుకొని, క్రొత్త పిడి క్రింద నాలుగు వ్రేళ్లు దూర్చి యెత్తిరి. తలుపు తెఱచుకొనెను. మూసిరి. మరల తీసిరి. మేమేదో చెప్పవలెనని నోరు తెఱవగా, "జులైల నువ్వు చెయ్యి ఊపితివి గద, నేను ఆటోల పోదామని ఒక అడుగు వెనుకకు వేసిన్రా. సంచీ బరువై ఆగిన" అనిరి. కోపముగ గాదు. బడిలో పిల్లవాని తప్పును ఎఱ్ఱసిరాతో గీచి పుస్తకము తిరిగియిచ్చు నట్లు.

"తప్పయినదమ్మా" అంటిమి. అప్పటివఱకు ఆ మాట చెప్పనేలేదు.

సద్దుల బతుకమ్మనాటి సాయంకాలము బతుకమ్మను మా కుమార్తె యొడిలో నుంచి, మా తల్లిగారు తమ తలుపు తామే తీసికొని ఎక్కి, తామే లాగి మూసికొనిరి. కొంచెము గట్టిగానే మూసిరి. బండి పది గజములు పోయెనో లేదో, "ఆపురా" అనిరి. ఏమైనదో యని ఆపితిమి. అద్దము త్రిప్పు పిడిని మా కుమార్తె మరల బిగించునప్పుడు తలక్రిందుగా బిగించెనట. దాని గుండీ సరిగా ఆమె మోకాలికి తగులుచున్నది. ఆమె తలుపు తీసికొని దిగి, ప్రక్కకు జరిగి నిలిచి, "తీసి మళ్ల పెట్టుండ్రి. ఈసారి నిజంగనే మోకాలే" అనిరి. మా కుమార్తె సంచిలోనుండి గుడ్డపేలిక తీసెను. మేము క్లిప్పు ఎగిరిపోకుండ రెండు చేతులును దోసిలి పట్టితిమి.